నవంబరు 12న సలీం అలీ గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

కాలువగట్టు_మాస్టారు
నేను కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజున ఎనిమిదో తరగతి పిల్లలతో అరగంట మాట్లాడవలసి ఉంది. ఎలా ఉంటుందోనని నిన్న కొంత ముందుగా చెప్పి చూశాను. 1896లో బొంబాయిలో పుట్టారని, ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్లకు తల్లిని పోగొట్టుకుంటే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారని, పదేళ్ల వయసులో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచుక గొంతు మీద పసుపు మచ్చ కనబడితే అదేమిటో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డ్ దగ్గరికి వెళ్లారని, అక్కడ చూసిన పక్షుల సేకరణే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిందని చెప్పాను. అంతలో ఒక అమ్మాయి లేచి, "పిట్టల్ని చంపినాయన పుట్టినరోజు మనమెందుకు చేయాలండీ?" అని అడిగింది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "ఆయన మన వైపు ఎప్పుడైనా వచ్చారా మాస్టారూ?" అన్నాడు. రెండింటికీ నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. మీలో పక్షుల సంగతి తెలిసినవారు ఏమైనా చెప్పగలరా?

గౌతమి_ఒడ్డు
మీరు ఒక్క పిచుకతో ఆపడం మంచిదైంది మాస్టారూ. పెద్దయ్యాక రాసుకున్న ఆత్మకథలో ఆయనే ఇంకొకటి చెప్పారు. గూట్లో ఆడపిచుక పొదుగుతుంటే బయట కాపలా కూర్చున్న మగదాన్ని కొట్టారు. కాసేపటికి ఆడది ఇంకొక మగదాన్ని తెచ్చుకుంది. దాన్నీ కొట్టారు. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచుకలు ఒకే చోట రాలాయి. ఈ సంగతి తెలిస్తే ఆ అమ్మాయి మీ తరగతికి రావడమే మానేస్తుంది.

పాతపుస్తకాల_పురుగు
పై సంగతి నిజమే కానీ సగమే చెప్పారు. ఆ కుర్రవాడు పిచుకల్ని కొట్టి ఊరుకోలేదు, ఎన్ని కొట్టాడో, ఎంతసేపటికి కొత్త మగది వచ్చిందో రాసి పెట్టుకున్నాడు. కొట్టే పిల్లలు మా ఊళ్లో కావలసినంతమంది ఉండేవారు, రాసినవాడు ఒక్కడూ లేడు.

ఇక పెద్దయ్యాక ఆయన కొట్టిన పక్షుల మాట. ఆ రోజుల్లో ఒక పక్షి ఏ జాతిదో, అందులో ఏ ఉపజాతిదో తేల్చాలంటే చేతిలోకి తీసుకొని రెక్క పొడవు, ముక్కు పొడవు కొలవడం తప్ప వేరే దారి లేదు. కొట్టిన పక్షిని చీల్చి, మాంసం తీసి, తోలుకు లోపల విషపు సబ్బు రాసి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. ఆ చీటీ మీద చోటు, తేదీ, ఆడా మగా అనే వివరం ఉండాలి. చీటీ లేని తోలు, బొమ్మకు ఎక్కువ, శాస్త్రానికి తక్కువ. ఇప్పుడు మన సెల్‌ఫోన్లలో చూసుకునే పక్షి బొమ్మల్లో ఎన్నో ఒకప్పుడు అలాంటి తోళ్లను బల్ల మీద పరుచుకొని గీసిన బొమ్మల మనవలే.

సరదాగా చంపడం వేరే ఉంది. 1938 నవంబరు 12న రాజస్థాన్ వైపు భరత్‌పూర్ చిత్తడి నేలల్లో వైస్రాయి లిన్‌లిత్‌గో పరివారం ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ తేదీ మరొకసారి చూడండి. ఆ రోజు సలీం అలీకి 42 ఏళ్లు నిండాయి. తరవాతి కాలంలో ఆ చోటునే పొలాల కింద పోనీయకుండా కాపాడడానికి పట్టుబట్టినవాళ్లలో ఆయన ముందున్నారు. ఆ అమ్మాయికి ఈ రెండు నవంబరు పన్నెండులూ పక్కపక్కన పెట్టి చూపించండి, తేడా తనే పట్టుకుంటుంది.

జెముడుకాకి
మా ఊరి వైస్రాయిలు ఇప్పటికీ ఉండేలు బద్దలతో తిరుగుతున్నారు. వాళ్లకి 4,273 అంకె చెప్పకండి, రికార్డు బద్దలు కొడతామంటారు.

కాలువగట్టు_మాస్టారు
పురుగు గారూ, ఆ రెండు తేదీల సంగతి నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. రెండో ప్రశ్న మిగిలే ఉంది. హైదరాబాదు సంస్థానంలో ఆయన పక్షుల సర్వే చేశారని చదివాను. అందులో మన గోదావరి వస్తుందా?

పాతపుస్తకాల_పురుగు
ఆ సర్వే 1931, 32లలో జరిగింది. దాని వెనక ఒక కష్టం ఉంది. ఆయనకు డిగ్రీ లేదు. బొంబాయి ప్రదర్శనశాలలో గైడు లెక్చరరుగా కొంతకాలం పనిచేసి, సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో స్ట్రెజెమాన్ అనే పక్షి శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకొని 1930లో తిరిగి వచ్చేసరికి ఇక్కడ ఆ ఉద్యోగమే ఎత్తేశారు. చేతిలో పని లేక, సముద్రపు ఒడ్డున కిహీం అనే ఊళ్లో భార్య తెహ్మీనా వైపు వాళ్ల ఇంట్లో ఉంటూ గిజిగాళ్లను చూస్తూ కూర్చున్నారు. ఆ తరవాత సంస్థానాల వాళ్లకు, జీతం వద్దు, శిబిరం ఖర్చులు భరిస్తే మీ రాజ్యంలోని పక్షులన్నీ రాసిస్తానని చెప్పి సర్వేలు మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో పై గోదావరి ఉంది కానీ మన డెల్టా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోది. అందువల్ల ఆ సర్వే మన లంకల దాకా దిగలేదు.

ఉప్పుటేరు
సలీం అలీ రాకపోతే మునిగిపోయిందేమీ లేదు, ఇంకొకాయన వచ్చారు. ఆయన పేరు కె.కె. నీలకంఠన్, పాలక్కాడు జిల్లావారు, వృత్తికి ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు. 1946లో పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతులు (పెలికాన్లు) గుంపులుగా గూళ్లు పెట్టుకున్న చోటును ఆయనే బయటి ప్రపంచానికి తెలియజేశారు. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు కట్టేవి. తరవాత ఆయన ఇందుచూడన్ అనే పేరుతో మలయాళంలో "కేరళత్తిలె పక్షికళ్" అనే పుస్తకం 1958లో తెచ్చారు. మలయాళీలు పిట్టల్ని చూడడం నేర్చుకున్నది ఆ పుస్తకంతోనే అంటారు. పుస్తకం కేరళకు దక్కింది, గూడబాతులు మనవి. ఆ గుంపు కూడా 1975 ప్రాంతానికి లేకుండా పోయింది.

మాస్టారూ, మీరు కూడా మాస్టారే కాబట్టి మీ పిల్లలకు సలీం అలీ కంటే ఈయన కథే బాగా అతుకుతుందని నా అభిప్రాయం.

వశిష్ఠ_నరసాపురం
మా మామ్మ పుట్టిల్లు ఆ వైపే. గూడబాతుల చెట్ల కింద నుంచి బడికి వెళ్లేటప్పుడు నెత్తి మీద తాటాకు గొడుగు పెట్టుకొనేవారట, వానకు కాదు. పిల్లలు ఆ చెట్ల మీద రాయి వేస్తే పెద్దవాళ్లు ఊరుకొనేవారు కాదని, ఆ చెట్ల కింది నీళ్లు చేలకు పెడితే ఎరువు అక్కరలేదని అనేవారని చెప్పేది. ఆ పక్షులు ఎందుకు పోయాయని అడిగితే మాత్రం ఆవిడ మాట మార్చేసేది.

ఉప్పుటేరు
వశిష్ఠ గారూ, ఎరువు మాట నిజం. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న నేలపట్టులో ఇప్పటికీ గూడబాతులున్న చెరువు నీళ్లకు అదే గిరాకీ.

రొయ్యలరాజు
అందరూ పక్షుల్ని మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. భీమవరం దగ్గర నాకు ఎనిమిది ఎకరాల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీటికాకులు బారుగా దిగితే చెరువు మీద నల్లగుడ్డ పరిచినట్టుంటుంది. గట్టు నుంచి గట్టుకు నైలాను తాళ్లు లాగాను, రేకు డబ్బాలు కట్టాను, టపాకాయలు కాల్చాను. వారం రోజులు భయపడ్డాయి, ఎనిమిదో రోజు నుంచి తాళ్ల మీదే కూర్చొని రెక్కలారబెట్టుకుంటున్నాయి. ఒక చెరువులో చచ్చిన రొయ్యను ఎత్తుకొని పక్క చెరువులో పడేస్తే తెల్లమచ్చ తెగులు పాకుతుందని మా భయం మాది. ఒక్క రాత్రిలో పంట పోయినవాడికి సలీం అలీ పుట్టినరోజు గురించి చెప్పి చూడండి. కొల్లేరులో 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మా బావమరిది చెరువు కూడా పోయింది. పక్షుల పేరు చెప్పి మనుషుల్ని వెళ్లగొట్టడం మాకు కొత్త కాదు.

గౌతమి_ఒడ్డు
రాజు గారూ, కొల్లేరు గట్లు కొట్టింది పక్షుల కోసం మాత్రమే కాదు కదండీ. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఆ గట్లు అడ్డం పడి వరద నీరు సముద్రానికి పోయే ఉప్పుటేరు కాలువకు వెళ్లక పైనున్న వరి చేలు మునిగిన రోజులు మీరు కూడా చూసే ఉంటారు.

రొయ్యలరాజు
చూశాను. మునిగిన చేలలో మావీ ఉన్నాయి. అయినా మా కోపం మాది.

పాతపుస్తకాల_పురుగు
రాజు గారి కోపాన్ని కొట్టిపారేయకూడదు. సలీం అలీ కథలోనే దానికి జవాబు లాంటిది ఒకటి ఉంది, అది ఆయనకు మేలు చేసేది కాదు. అదే భరత్‌పూర్ చిత్తడి నేలను 1980ల మొదట్లో కేవలాదేవ్ పేరుతో జాతీయోద్యానం చేశాక గేదెల్ని మేతకు రానివ్వడం పక్షులకు చేటని నిషేధించారు. ఆ నిషేధాన్ని సలీం అలీ కూడా బలపరిచారు. 1982లో గ్రామస్థులు ఎదురు తిరిగితే పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ తరవాత ఆయన జీవితమంతా పనిచేసిన బొంబాయి సొసైటీ వాళ్లే ఏళ్ల తరబడి అక్కడ కూర్చొని పరిశోధిస్తే తేలింది ఏమిటంటే, గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది, బాతులకు ఈదడానికి చోటు తగ్గింది. గేదెలు పక్షులకు శత్రువులు కావు, వాటికి చోటు చేసి పెట్టే పాలేర్లు. అంత పెద్దాయన, అన్నేళ్లు చిత్తడి నేలల్లో తిరిగినాయన, గేదెను సరిగ్గా చూడలేకపోయారు. పిల్లలకు ఇది కూడా చెప్పండి మాస్టారూ. ఆయన లెక్కలు తప్పని తేల్చినది కూడా ఆయన నేర్పిన పద్ధతే.

జెముడుకాకి
మా గేదెకు ఈ సంగతి చదివి వినిపించాను. సన్మానం ఎప్పుడని అడుగుతోంది.

కాలువగట్టు_మాస్టారు
గేదె సంగతి మా పిల్లలకు బాగా ఎక్కుతుంది, సగం మంది ఇళ్లలో ఉన్నాయి. నాకు ఇంకొక ఇబ్బంది ఉంది. గ్రంథాలయంలో ఆయన "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్" పాత ప్రతి దొరికింది. 1941లో మొదట వచ్చినది, తరవాత ఎన్నో ముద్రణలు పొందినది. బొమ్మలు చూపిస్తే పిల్లలు గబగబా గుర్తుపట్టేస్తున్నారు, కానీ వాళ్లు చెప్పే పేరు ఒకటి, పుస్తకంలో పేరు ఇంకొకటి. ఏ పేరు నేర్పాలి?

ఉప్పుటేరు
మన పేరే నేర్పండి. ఒక్క గూడబాతునే తీసుకోండి. గూడ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఇద్దరు మనుషులు బోదెకు ఎదురెదురుగా నిలబడి, నాలుగు తాళ్లు కట్టిన గూడను నీళ్లలో ముంచి, ఒకే ఊపుతో చేలోకి ఎత్తిపోసేవారు. మా నాన్న, బాబాయి అలా వేస్తుంటే నేను చూశాను. ఆ పక్షి ముక్కు కింద వేలాడే తోలు సంచి నీళ్లలో మునిగి, చేపలతో పాటు నీరు నింపుకొని పైకి లేచి, నీరు కారిపోయాక చేప లోపలికి పోయే తీరు చూస్తే దానికి ఆ పేరు పెట్టినవాడు రోజూ గూడ వేసినవాడేనని నాకు అనిపిస్తుంది. గుడ్డికొంగ కూడా అంతే. గట్టు మీద మట్టిరంగులో కలిసిపోయి, మనం నాలుగడుగుల దూరానికి వచ్చేదాకా కళ్లు కనబడనట్టు కదలకుండా కూర్చుంటుంది, ఎగిరిందంటే ఒక్కసారిగా తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. పక్షి పుస్తకం రాసేవాడు గుర్తు పట్టే ఆనవాలు వెతుకుతాడు. మనవాళ్లు ఆ ఆనవాలునే పేరుగా పెట్టేశారు.

గౌతమి_ఒడ్డు
ఉప్పుటేరు గారి మాటలు వినడానికి బాగున్నాయి కానీ కాకినాడ వైపు వచ్చి చూడండి. కోరింగ మడ అడవుల అవతల, హోప్ ఐలాండ్ చుట్టూ ఆటు సమయంలో నీరు వెనక్కి పోయాక బయటపడే బురద మీద చలికాలంలో పదుల రకాల పక్షులు దిగుతాయి. వాటిలో సగానికి మా జాలర్లు పెట్టిన పేరు ఒకటే, ఉల్లంకి. చిన్నది ఉల్లంకి, పెద్దది పెద్ద ఉల్లంకి. అందులో గ్రేట్ నాట్ అనేది ప్రపంచమంతటా అంతరించే ప్రమాదంలో ఉన్నది. అన్నింటినీ ఉల్లంకి అంటే అది తగ్గిపోతున్నదని ఎవరికి తెలుస్తుంది? సలీం అలీ లాంటివాళ్లు చేసిన పని ఆ ఒక్క ఉల్లంకిని పాతిక ముక్కలుగా విడదీయడమే.

పాతపుస్తకాల_పురుగు
ఇద్దరి మాటా ఒప్పుకోవలసిందే, దానికి పాత సాక్ష్యం ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1862 నుంచి 1864 వరకు మూడు సంపుటాలుగా భారతదేశపు పక్షుల గురించి రాసినప్పుడు లాటిన్ పేరు పక్కనే తెలుగు పేర్లు కూడా వేశాడు. ఆయన పేరుతో ఉన్న పక్షి ఒకటి కడప వైపు ముళ్లపొదల్లో ఉండేది. 1900 తరవాత ఎవరికీ కనబడలేదు కాబట్టి అంతరించిందని పండితులు అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే రెడ్డిపల్లి దగ్గర దొరికింది. పట్టుకున్నది రాత్రిపూట దీపం పట్టుకొని పిట్టల వేటకు వెళ్లే స్థానికుడు. పండితుల లెక్కలో 86 ఏళ్లు చచ్చిపోయిన పక్షికి ఆ ఊళ్లవాళ్ల నోట కలివికోడి అనే పేరు నిక్షేపంగా బతికే ఉంది. సలీం అలీకి అప్పటికి 89 ఏళ్లు నిండాయి, మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఉప్పుటేరు
అదీ నేను చెప్పేది.

గౌతమి_ఒడ్డు
కానీ వెతికినవాడికి జెర్డాన్ పుస్తకం తెలియకపోతే ఆ కలివికోడి ఆ రాత్రి కూర అయ్యేది. ఇదీ నేను చెప్పేది.

లంకపిల్ల
కూర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మాది కొల్లేటి లంక. నేను పుట్టకముందు, 1970లలో, మా తాతయ్య వలలో ఒక బాతు పడింది. కోసేటప్పుడు దాని కాలికి వెండిరంగు ఉంగరం కనబడిందట. దాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి కానీ చదవగలిగినవాళ్లు ఇంట్లో లేరు. ఎవరికైనా చూపిస్తే కేసు పెడతారని తాతయ్య దాన్ని దాచేశాడు. ఇప్పటికీ అది మా మామ్మ పోపులపెట్టెలో మెంతుల గిన్నెలో ఉంది. నిన్న ఈ చర్చ చదివి తీసి చూశాను. చింతపండుతో తోమితే "ఇన్‌ఫార్మ్ బాంబే నాట్ హిస్ట్ సొసైటీ" అని, కింద కొన్ని అంకెలు కనబడ్డాయి. మొదటి అక్షరం, తరవాత రెండు అంకెలు అరిగిపోయాయి.

పాతపుస్తకాల_పురుగు
లంకపిల్ల గారూ, దాన్ని ఇంక తోమకండి! సైబీరియా వైపు నుంచి వచ్చే పక్షులు వ్యాధులు మోసుకొస్తున్నాయా అని తెలుసుకోవడానికి 1959 ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో సలీం అలీ మొదలుపెట్టించిన పని అది. వేల పక్షుల్ని వలలతో పట్టి, ఉంగరం వేసి, వదిలేవారు. ఆ ఉంగరం ఎవరికి దొరికినా బొంబాయికి ఒక కార్డు రాయాలి, అదే దాని మీద రాసి ఉన్నది. ఇంతకు ముందు మాస్టారి విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన రాకపోయినా ఆయన ఉత్తరం మన కొల్లేరుకు వచ్చింది. చదివేవాళ్లు లేక మెంతుల్లో ఉండిపోయింది.

రొయ్యలరాజు
యాభై ఏళ్ల తరవాత ఉత్తరానికి జవాబు రాస్తే తపాలా వాళ్లు జరిమానా వేస్తారేమో చూసుకోండి. సరే, మాస్టారూ, నేను పక్షుల మీద కోపంతో రాశాను కానీ మా చెరువు గట్టు మీద ఈతచెట్టుకు గిజిగాడి గూళ్లు నలభై దాకా ఉన్నాయి. వాటి జోలికి ఎవరినీ పోనివ్వను, అవి రొయ్యలు తినవు. ఈ కాలానికి ఖాళీ అయి కొన్ని రాలిపడతాయి. కావాలంటే రెండు పంపిస్తాను.

కాలువగట్టు_మాస్టారు
తప్పకుండా పంపండి రాజు గారూ. కిహీంలో సలీం అలీ ఉద్యోగం లేక కూర్చొని చూసినది కూడా ఇవే కదా. మగది గూడు సగం కట్టి వేలాడదీస్తుంది, ఆడది వచ్చి లోపలికి దూరి చూసుకుంటుంది, నచ్చితేనే మగది మిగతా సగం పూర్తి చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టగానే అది పక్క కొమ్మకు పోయి ఇంకొక గూడు మొదలుపెడుతుంది. అంతకు ముందు అందరూ ఒక జంటకు ఒక గూడనుకొనేవారు. మా ఇంటి వెనక రాలిన గూడు ఒకటి మొన్న కోసి చూశాను. లోపలి గోడకు ఎండిన మట్టి పెళ్లలు అతికించి ఉన్నాయి, ఒక పెళ్ల మీద ముక్కు నొక్కిన గుర్తు కూడా కనబడింది. చూరు నుంచి రాలిన వరిగడ్డి కాదు అది. పచ్చి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఎగురుతూ చీల్చుకొచ్చిన పోచలు, అన్నీ ఒకే వెడల్పు.

కాబట్టి నా ఏర్పాటు ఇది. 12వ తేదీన ఉపన్యాసం ఉండదు. రెండు గూళ్లు బల్ల మీద పెట్టి విప్పిస్తాను. ఎనిమిది పిచుకల కథ, గేదెల కథ రెండూ దాచకుండా చెబుతాను. ఆ తరవాత పిల్లలు ఇంటికి వెళ్లి, చేపలు పట్టేవాళ్లను, గేదెలు కాసేవాళ్లను అడిగి, ఒక్కొక్కరు ఐదు పిట్టల పేర్లు, వాటికి ఆ పేరు ఎందుకు వచ్చిందో రాసుకు రావాలి. గౌతమి గారి ఉల్లంకుల చిక్కు మాత్రం అలాగే ఉంది. వాటి బొమ్మలు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. లంకపిల్ల గారూ, ఆ ఉంగరం ఒక్క గంట మా బడికి తేగలరా?

జెముడుకాకి
ఇంత జరిగాక కూడా సలీం అలీ 1950లో మోటారు సైకిలు ఓడలో ఎక్కించుకొని స్వీడన్‌లో పక్షుల మహాసభకు వెళ్లిన సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక బెంచీ వాళ్లకు అది చెప్పండి మాస్టారూ, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

లంకపిల్ల
మామ్మను అడిగాను మాస్టారూ. ఉంగరం ఒంటరిగా పంపదట, తనే పట్టుకొని వస్తుందట. పిల్లలు ఏమడిగినా చెబుతానంది కానీ, ఆ బాతు కూర ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగకూడదట.